మూడు భాషల నేల మీద మెదడు: నూరేళ్ల వాదన, ఇప్పటి లెక్క

ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ముసలితనంలో మతిమరుపు జబ్బు (డిమెన్షియా) ఆలస్యంగా వస్తుందన్న మాట పత్రికల్లో, ఫోన్లలో తిరగడం మొదలై పదేళ్లు దాటింది. దానికి సాక్ష్యంగా ప్రపంచమంతా చూపే పరిశోధనల్లో ఒకటి హైదరాబాదులో జరిగింది. దాన్ని నడిపిన డాక్టర్ సువర్ణ అల్లాడి ఆ తరవాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు. ఆ సంస్థ ఉన్నది హోసూరు రోడ్డు మీద. అదే రోడ్డున నలభై కిలోమీటర్లు వస్తే తమిళనాడులోని హోసూరు, ఇంకో యాభై పోతే కృష్ణగిరి. తళి, బాగలూరు, సూళగిరి, వేపనపల్లి చుట్టుపక్కల వేల ఇళ్లలో మాట తెలుగు. బడిలో, ఆఫీసులో తమిళం. పనికోసం బెంగళూరు పోతే కన్నడం. కొన్ని వీధుల్లో ఉర్దూ. బడి గడప తొక్కనివారికి కూడా ఇక్కడ రెండు మూడు భాషలు రావడం వింతేమీ కాదు.

కాబట్టి ఈ వాదనలో ఈ ప్రాంతానికి మామూలు కుతూహలం కంటే ఎక్కువ పని ఉంది. కానీ వాదన చిక్కుపడింది. భాషలు మెదడుకు కవచమని కొందరు, అదంతా లెక్కల పొరపాటని మరికొందరు అంటున్నారు. ఇద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నారా అన్నది ముందు చూడాలి.

మెదడులో మాట ఎక్కడుంది?

మనిషి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లే అయినా, ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. అందులో పదివేల కోట్ల నాడీకణాలుంటాయని పుస్తకాలు చాలాకాలం రాశాయి. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం లెక్కించి, ఆ సంఖ్య 8,600 కోట్ల దగ్గర ఉంటుందని చెప్పింది. విచిత్రమేమిటంటే వాటిలో సుమారు 6,900 కోట్లు తల వెనుక అడుగున ఉండే చిన్న మెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు పేరుపడ్డ పెద్ద మెదడు పైపొరలో ఉన్నవి సుమారు 1,600 కోట్లు.

బడి పుస్తకాల్లో చదువుకున్న విభజన ఇప్పటికీ నిలిచే ఉంది. ముందు మెదడు, మధ్య మెదడు, వెనుక మెదడు. వెనుక మెదడులోని మజ్జాముఖం ఊపిరినీ గుండె కొట్టుకోవడాన్నీ చూసుకుంటుంది. చిన్న మెదడు నడకలో, చేతి పనిలో కుదురు తెస్తుంది. ముందు మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌కు ఆకలి, దప్పిక, నిద్ర, ఒంటి వేడి అప్పగింత. పెద్ద మెదడు రెండు అర్ధగోళాలు. ఒక్కోదానిలో నాలుగు తమ్మెలు: నుదుటి వెనుకది నిర్ణయాలకూ కదలికకూ, నడినెత్తి కిందది స్పర్శకూ దిక్కు తెలియడానికీ, కణత పక్కది వినికిడికీ జ్ఞాపకానికీ, వెనుకది చూపుకూ ముఖ్యం. కణత లోపల వంపు తిరిగి ఉండే హిప్పోక్యాంపస్ లేకపోతే కొత్త జ్ఞాపకం నిలవదు. అల్జీమర్స్ జబ్బు మొదట దెబ్బతీసే చోట్లలో అదొకటి.

ఇలా ఒక్కో పనికి ఒక్కో చోటు రాసిపెట్టినట్టు చెప్పడం సులువు. అది నిజమా అన్న తగాదా మాత్రం రెండు వందల ఏళ్లుగా నడుస్తోంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ పుర్రె మీది బుడిపెలను బట్టి గుణాలు చెప్పవచ్చన్నాడు. ఆ పద్ధతి చిలకజోస్యం కంటే మెరుగేమీ కాదు, కానీ పనులకు చోట్లున్నాయన్న ఊహ బతికింది. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా, 'టాన్' అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ పలకలేని రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమ నుదుటి తమ్మెలో గాయం చూపించాడు. 1874లో కార్ల్ వెర్నికే ఎడమ కణత వెనుక దెబ్బ తగిలితే మాట ధారాళంగా వస్తుంది గానీ అర్థం ఉండదని గమనించాడు. దానికి ఎదురుగా 1929లో కార్ల్ లాష్లీ, ఎలుకల మెదడు పైపొరను కోసి చూసి, నేర్చుకున్నది ఏ ఒక్క చోటా దాగి లేదన్నాడు. 2007లో నీనా డ్రోంకర్స్ బృందం బ్రోకా దాచిన ఆ మెదడునే ఎమ్మారై తీసి చూస్తే, గాయం ఆయన అనుకున్న దానికంటే చాలా లోతుకు దిగి ఉంది. ఇప్పటి అభిప్రాయం మధ్యస్థం: చోట్లున్నాయి, కానీ వాటిని కలిపే తెల్లటి నాడీతంతువుల మార్గాలు లేకుండా ఏ చోటూ పని చేయదు.

రెండు భాషలకు రెండు గదులా?

ఒక భాషకే ఇంత తగాదా ఉంటే రెండు భాషల సంగతి చెప్పనక్కర్లేదు. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన బహుభాషీయులకు మొదట ఏ భాష తిరిగి వస్తుంది? ఫ్రాన్స్‌లో తియోడ్యూల్ రిబో, తొలుత నేర్చినదే చివరిదాకా నిలుస్తుందన్నాడు. 1895లో ఆల్బర్ పీత్ర్ దాన్ని కాదని, జబ్బుకు ముందు ఎక్కువగా వాడిన భాషే ముందు తిరిగి వస్తుందన్నాడు. ఇద్దరికీ అనుకూలంగా రోగులు దొరికారు. రెండు భాషలూ సమానంగా తిరిగి వచ్చినవారు కూడా దొరికారు. దాంతో ఇద్దరి సూత్రాలూ బలహీనపడ్డాయి.

స్కానింగు యుగం వచ్చాక 1997లో కార్ల్ కిమ్ బృందం ఒక సర్దుబాటు చూపింది. పెద్దయ్యాక రెండో భాష నేర్చినవారికి బ్రోకా ప్రాంతంలో రెండు భాషలూ పక్కపక్కన వేరువేరుగా, పసితనంలోనే రెండూ నేర్చినవారికి ఒకే చోట కనిపించాయని. తరవాతి పరిశోధనలు ఈ తేడాను తగ్గించాయి. భాష ఎంత బాగా వస్తే అంతగా చోటు కలిసిపోతుందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

లిపి విషయంలో మన పక్కనే ఒక ముఖ్యమైన పని జరిగింది. బెంగళూరుకు చెందిన ప్రతిభా కారంత్ 1981లో, కన్నడం, ఇంగ్లిషు రెండూ చదవగలిగి, మెదడు దెబ్బతో చదువు పోగొట్టుకున్న ఒక రోగి గురించి రాశారు. అక్షరాల ఇంగ్లిషు వేరు, గుణింతాల కన్నడం వేరు. చదివే యంత్రాంగం గురించి పాశ్చాత్యులు కట్టిన నమూనాలను మన లిపుల మీద కూడా పరీక్షించాలని ఆ దారిలో నడిచినవారు వాదించారు. తెలుగు, తమిళ లిపులకు కూడా ఇది వర్తిస్తుంది.

అసలైన మలుపు చోటు గురించి కాదు, అదుపు గురించి. ఒకరికి రెండు భాషలు వస్తే, ఒకటి మాట్లాడుతుండగా రెండోది నిద్రపోదు. అది లోపల మెలకువగానే ఉంటుంది, దాన్ని అణచాలి. 1998లో డేవిడ్ గ్రీన్ ఈ అణచివేతనే సిద్ధాంతంగా కట్టాడు. 2006లో జెన్నీ క్రినియన్ బృందం, భాష మారినప్పుడు ఎడమవైపు లోపల ఉన్న కాడేట్ అనే కణసముదాయం స్పందిస్తుందని చూపింది. భాషకు మాత్రమే పరిమితం కాని సాధారణ అదుపు యంత్రాంగంలో ఇదొక భాగం. అక్కడి నుంచి ఒక ఆశ పుట్టింది: రోజంతా ఈ అదుపు సాధన చేసే మనిషికి ఏకాగ్రత కూడా పెరగాలి కదా?

మందబుద్ధి నుంచి మహాబుద్ధి దాకా

ఈ ఆశకు ముందు దానికి పూర్తి వ్యతిరేకమైన భయం ఉండేది. 1923లో వేల్స్‌లో డి.జె. సేర్, రెండు భాషల పల్లె పిల్లలు తెలివిపరీక్షల్లో వెనకబడ్డారని రాశాడు. పేదరికాన్ని, పరీక్ష ఏ భాషలో పెట్టారన్నదాన్ని పక్కన పెట్టిన లెక్క అది. అయినా దశాబ్దాలపాటు ఉపాధ్యాయులు దాన్ని నమ్మారు. 1962లో మాంట్రియల్‌లో ఎలిజబెత్ పీల్, వాలస్ లాంబర్ట్ పదేళ్ల పిల్లలను పరీక్షించి, రెండు భాషలవారే మెరుగన్నారు. వాళ్లు ఎంచుకున్న పిల్లలు రెండు భాషల్లోనూ సమానంగా గట్టివాళ్లన్నది ఆ పనికి వచ్చిన విమర్శ. తెలివైనవాళ్లనే ఏరుకుంటే తెలివే కనిపిస్తుంది.

మన దేశంలో ఈ సమస్యను అజిత్ మొహంతీ తెలివిగా దాటారు. ఒడిశాలో కోంధు గిరిజనుల్లో కొన్ని ఊళ్లలో కుయి, ఒడియా రెండూ ఉన్నాయి. మరికొన్ని ఊళ్లలో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. తెగ ఒక్కటే, బతుకు ఒక్కటే, తేడా భాషలోనే. అక్కడ రెండు భాషల పిల్లలు భాష గురించి ఆలోచించే పరీక్షల్లో ముందున్నారని ఆయన చూపారు. ఆ పనిని చెప్పే పుస్తకం 1994లో మైసూరు భారతీయ భాషల కేంద్ర సంస్థ నుంచి వచ్చింది. ఈ చర్చలో దక్కాల్సినంత గౌరవం దక్కని పుస్తకమని నా అభిప్రాయం.

ఈ అదుపు, ఏకాగ్రతల మీద 2004లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం చేసిన పనికి పేరు వచ్చింది. అందులోని మొదటి ప్రయోగంలో రెండు భాషలవాళ్లు భారతదేశంలోని తమిళం-ఇంగ్లిషు మాట్లాడేవారు, ఒక భాషవాళ్లు కెనడావారు. తమిళులు చకచకా నెగ్గారు. దేశం, చదువు, బతుకు అన్నీ మారిన పోలికలో గెలుపు భాషదేనని ఎలా అనగలం? వాదన ఇక్కడి నుంచే వేడెక్కింది. 2013లో కెన్నెత్ పాప్, గ్రీన్‌బర్గ్ తమ ప్రయోగాల్లో ఆధిక్యం ఏమీ కనిపించలేదన్నారు. 2015లో ఏంజెలా డి బ్రూయిన్ బృందం, ఆధిక్యం చూపిన ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయని, చూపనివి సొరుగుల్లో ఉండిపోతున్నాయని బయటపెట్టింది. 2018లో మిన్నా లెహ్తొనెన్ బృందం 152 అధ్యయనాలను కలిపి చూసి, ఆ పక్షపాతాన్ని సవరిస్తే మిగిలేదేమీ లేదంది. 2019లో అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలు 4,524 మంది మీద ఆంథొనీ డిక్ బృందం చేసిన లెక్కా అదే చెప్పింది.

పిల్లవాడికి ఇంకో భాష నేర్పితే చురుకుదనం పెరుగుతుందన్న ప్రచారం ఈ దెబ్బలకు నిలవలేదు. దాన్ని ఇంకా అమ్ముతున్న బడుల ప్రకటనలను నమ్మనక్కర్లేదు.

హైదరాబాదు చెప్పినది

ముసలితనం ప్రశ్న వేరు. 2007లో బియాలిస్టాక్ బృందమే టొరంటో ఆసుపత్రిలో 184 మంది డిమెన్షియా రోగుల దస్త్రాలు తిరగేసి, రెండు భాషలవారికి లక్షణాలు సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని రాసింది. విమర్శ వెంటనే వచ్చింది: ఆ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. దేశం దాటి కొత్త బతుకు కట్టుకోగలిగినవారు మొదటి నుంచే గట్టివాళ్లు కావచ్చు. 2010లో మాంట్రియల్‌లో హోవర్డ్ చెర్ట్‌కోవ్ బృందానికి కెనడాలోనే పుట్టినవారిలో మొత్తమ్మీద ఆ మేలు కనిపించలేదు.

వలస అనే ముడి విప్పాలంటే, పుట్టిన ఊళ్లోనే నాలుగు భాషలు వినిపించే చోటు కావాలి. హైదరాబాదు అలాంటిది. నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో 2006 నుంచి 2012 దాకా వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను సువర్ణ అల్లాడి, థామస్ బాక్, దుగ్గిరాల వసంత తదితరులు పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు వచ్చు: తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లిషు. 2013లో అచ్చయిన ఫలితం ప్రకారం వీళ్లకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యం. అల్జీమర్స్‌లోనే కాక, రక్తనాళాలు పాడై వచ్చే డిమెన్షియాలోనూ, నుదుటి, కణత తమ్మెలను తినే రకంలోనూ తేడా ఉంది. రెండుకు మించి ఎన్ని భాషలొచ్చినా అదనపు మేలు మాత్రం కనిపించలేదు. హోసూరులో నాలుగు భాషలతో గర్వపడేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే విలువైనది మరొకటి. అక్షరం రాని రోగుల్లో కూడా ఆ తేడా ఉంది. చదువుకున్నవారికే ఎక్కువ భాషలు వస్తాయి కాబట్టి మేలు చదువుదే అన్న వాదనకు ఇది గట్టి జవాబు. అదే బృందం 2016లో 608 మంది పక్షవాత రోగుల లెక్క చూపింది: దెబ్బ తరవాత తెలివి మామూలుగా నిలిచినవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒక భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. కాపాడేది మాటను కాదు, అదుపును అనుకోవాలి.

దీనికి ఇచ్చే వివరణ 'మేధో నిల్వ'. న్యూయార్క్‌లో యాకోవ్ స్టెర్న్ దశాబ్దాలుగా చెబుతున్న మాట ఇది. పెద్ద రోడ్డు తెగితే ఊళ్ల మధ్య దారులు తెలిసినవాడు ఎలాగో గమ్యం చేరినట్టు, సాధన ఉన్న మెదడు పాడైన చోట్లను తప్పించుకుని పని నడుపుతుంది. 2012లో టామ్ ష్వైజర్ బృందం స్కానింగులు దీనికి సరిపోయాయి. తెలివి ఒకే స్థాయిలో ఉన్న రోగుల్లో, రెండు భాషలవారి మెదడు కణత ప్రాంతంలో ఎక్కువగా క్షీణించి ఉంది. 2017లో ఇటలీలోని జర్మన్-ఇటాలియన్ రోగుల మీద డానియెలా పెరానీ బృందానికీ ఇలాంటిదే దొరికింది. అంటే భాషలు జబ్బును ఆపలేదు, కప్పిపెట్టాయి.

ఎదురుపక్షం బలం

హైదరాబాదు లెక్కలో లోటు దాని పద్ధతిలో ఉంది. ఆసుపత్రికి వచ్చినవారినే చూశారు, రానివారు లెక్కలో లేరు. జబ్బు ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్లు గుర్తుచేసుకుని చెప్పారు. పుట్టిన తేదీయే సరిగా తెలియని తరానికి ఒకటి రెండేళ్ల తేడా ఎక్కడైనా రావచ్చు. లింగం, వృత్తి, ఊరు-పట్నం తేడాలను గణాంకాలతో సవరించారు, నిజమే. కానీ కొలవని తేడాను ఏ గణాంకమూ సవరించదు.

ఆరోగ్యంగా ఉన్నవారిని ఎంచుకుని ఏళ్ల తరబడి వెంట నడిచే అధ్యయనాలు దీనికి మందు. వాటిలో ఫలితం నీరసంగా ఉంది. న్యూయార్క్ ఉత్తర మాన్‌హటన్‌లో స్పానిష్ మాట్లాడే 1,067 మంది పెద్దలను 23 ఏళ్ల వరకు గమనించిన లారా జాహాడ్నీ బృందం 2014లో ఇలా రాసింది: మొదట్లో రెండు భాషలవారి జ్ఞాపకం మెరుగే, కానీ తరుగుదల వేగంలో గానీ డిమెన్షియాలోకి జారడంలో గానీ తేడా లేదు. 2017లో నహీద్ ముకాదమ్ బృందం ఇలాంటి అధ్యయనాలను కలిపి చూసినా రక్షణ కనిపించలేదు. 2020లో జాన్ ఆండర్సన్, జాన్ గ్రండీ తదితరులు రాజీ సూత్రం ప్రతిపాదించారు: లక్షణాలు ఆలస్యమవుతాయి, జబ్బు రావడం తగ్గదు. వినడానికి బాగుంది. కానీ లక్షణాలు నిజంగా నాలుగేళ్లు వెనక్కి జరిగితే, ఇరవై ఏళ్లు వెంట నడిచినప్పుడు ఫలానా వయసుకు రోగుల సంఖ్య తగ్గి కనిపించాలి కదా? ఆ మెలికకు రాజీవాదుల దగ్గర తృప్తికరమైన జవాబు లేదు.

హోసూరులో ఒక భాష మనిషి ఎవరు?

ఇంతవరకు జరిగిన వాదనంతా మనుషులను రెండు బుట్టల్లో వేసింది: ఒక భాషవారు, రెండు భాషలవారు. 2011 జనగణనలో దేశం మొత్తమ్మీద రెండు భాషలు వచ్చని చెప్పినవారు నూటికి 26 మందే. అయితే హోసూరు, డెంకణికోట తాలూకాల్లో ఏ పల్లెలోనైనా ఒక్క భాషతో బతుకు వెళ్లదీసే పెద్దమనిషిని వెతకడం కష్టం. పోల్చడానికి ఒక భాష గుంపు దొరకని చోట ఆ పద్ధతే పనికిరాదు.

గ్రీన్, జుబిన్ అబూతలేబి 2013లో చెప్పిన సిద్ధాంతం ఇక్కడ అక్కరకొస్తుంది. ఎన్ని భాషలొచ్చన్నది కాదు, వాటిని ఎలా వాడతారన్నది ముఖ్యమని వాళ్లంటారు. ఇంట్లో ఒకటి, బయట ఒకటి అయితే ఒక రకం అదుపు. ఒకే చోట ఎదుటివారిని బట్టి భాష మార్చాల్సి వస్తే దానికి అన్నిటికంటే కఠినమైన అదుపు కావాలి. ఒకే వాక్యంలో రెండు భాషలూ కలిపేస్తే దేన్నీ అణచనక్కర్లేదు. హోసూరు సంతలో ఈ మూడూ ఒకే పూటలో జరుగుతాయి. ఒక తమిళ రైతుతో, ఒక కన్నడ వ్యాపారితో వరసగా బేరమాడే పూల దళారి రెండో రకం. అతనే సాయంత్రం ఇంట్లో తమిళ ముక్కలు కలిపిన తెలుగు మాట్లాడితే మూడో రకం. ఎన్ని భాషలొచ్చని ఒక్క ప్రశ్న అడిగి అతణ్ని బుట్టలో వేస్తే తెలిసేది దాదాపు శూన్యం. విరుద్ధ ఫలితాలకు సగం కారణం ఈ ప్రశ్నేనని నా అనుమానం.

చదువు సంగతి ఇంకో చిక్కు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసింది. మాట తెలుగు, రాత తమిళం అయిన తరం పెరుగుతోంది. రెండో భాష మొదటిదానికి తోడయితే ఒక ఫలితం, మొదటిదాన్ని తోసేస్తే మరొకటి అని లాంబర్ట్ 1970ల్లోనే వేరుచేసి చూపాడు. ఈ బడి తగాదాలో మెదడు శాస్త్రాన్ని సాక్షిగా పిలవడం ఇరుపక్షాలకూ సులువే, కానీ ఆ సాక్షి ఇంకా తేల్చి చెప్పలేదు. తెలుగు మాధ్యమం కావాలంటే హక్కుగా అడగాలి. హిప్పోక్యాంపస్ పేరు చెప్పి అడగనక్కర్లేదు.

తేలినది, తేలనిది

మూడు పక్షాలను పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. చురుకుదనం పెరుగుతుందన్న పక్షం దాదాపు ఓడిపోయింది. పెద్ద లెక్కలన్నీ దానికి ఎదురే. ఏ మేలూ లేదన్న పక్షానికి సంఖ్యల బలముంది, కానీ ఆ సంఖ్యలు ఎక్కువగా అమెరికా, యూరప్ వలస సమాజాలవి. నిల్వ పక్షానికి హైదరాబాదు, ఇటలీ, స్కానింగుల బలముంది, వెంట నడిచిన లెక్కల బలం లేదు. నా మొగ్గు మూడో పక్షానికే, అదీ ఒక షరతుతో: అది జబ్బును ఆపుతుందని ఎవరూ చెప్పకూడదు.

ఆ లోటు తీర్చే పని పొరుగునే మొదలైంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోని మెదడు పరిశోధన కేంద్రం, కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెల్లో 45 ఏళ్లు దాటిన, డిమెన్షియా లేని సుమారు పదివేల మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి గమనించే ప్రయత్నంలో ఉంది. తెలుగు, కన్నడం కలిసి బతికే ఊళ్లవి. మరోవైపు భారతీయ వైద్య పరిశోధన మండలి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళాల్లో డిమెన్షియా పరీక్షలు తయారుచేయించింది.

దేశంలో అరవై దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన అంచనా. మేధో నిల్వ మాట నిజమైతే, భాషలు ఎక్కువ వచ్చినవారిలో లక్షణం బయటపడేసరికే జబ్బు ముదిరి ఉంటుంది. అందుకే మూడు భాషల్లో గలగలా మాట్లాడే పెద్దవాళ్లు తెలిసిన దారి తప్పినా, డబ్బు లెక్క తడబడినా, వయసు మీద నెట్టేయకుండా వెంటనే నాడీవైద్యుడికి చూపించండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఏ లిపి చదవగలరో డాక్టరుకు ముందే చెప్పి, మాట పరీక్ష ఆ భాషలోనే చేయమని అడగండి.